ఎముకలకు రూపమిచ్చిన శిల్పి: బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్

పంచతంత్రమునందు నలుగురు బ్రాహ్మణ కుమారుల కథ కలదు. వారిలో ముగ్గురు విద్యావంతులు. నాలుగవవాడు చదువు లేకున్నను బుద్ధిమంతుడు. అడవిలో చెల్లాచెదరుగా పడియున్న సింహపుటెముకలను చూచి, మొదటివాడు వానిని కూర్చెను. రెండవవాడు మాంసమును చర్మమును సమకూర్చెను. మూడవవాడు నాలుగవవాని హితవు వినక ప్రాణము పోసెను. లేచిన సింహము ముగ్గురను భక్షించెను. చెట్టెక్కిన నాలుగవవాడు మాత్రము బ్రతికెను.

ఈ కథలోని మొదటి రెండు విద్యలను నిజముగా సాధించిన పురుషుడొకడు పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లాండు దేశమున జీవించెను. ఆయన పేరు బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్. మనుష్యుడు పుట్టుటకు కోట్లకొలది సంవత్సరములకు ముందే నశించిపోయిన డైనోసార్లను, అనగా రాక్షసిబల్లులను, నిలువెత్తు రూపములతో సామాన్యజనుల కన్నులయెదుట మొట్టమొదట నిలిపినవాడు ఆయనయే. ఆయన చేసినవానిలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. మఱికొన్నిటిని అధికారులే పగులగొట్టించిరి. ఈ రెండు వృత్తాంతములును తెలిసికొనదగినవే.

హాకిన్స్ 1807 వ సంవత్సరము ఫిబ్రవరి 8 వ తేదీన లండన్ నగరమున జన్మించెను. తండ్రియు చిత్రకారుడే. చిన్ననాడే చిత్రలేఖనము పట్టువడినది. పిదప విలియం బెహ్నెస్ అను శిల్పియొద్ద ప్రతిమలు మలచుట నేర్చెను. ఇరువదియేండ్ల ప్రాయము దాటిన పిమ్మట ఆయన మనస్సు జంతుశాస్త్రమువైపు మరలినది. అక్కడి ప్రభువులలో ఒకడైన డెర్బీ ప్రభువు తన నోస్లీ ఎస్టేటునందు దేశదేశముల మృగములను పక్షులను పెంచుచుండెను. హాకిన్స్ 1842 మొదలు 1847 వఱకు అచ్చట నుండి ఆ జంతువుల చిత్రములు వ్రాసెను. డార్విన్ పండితుడు బీగిల్ ఓడపై ప్రపంచయాత్ర చేసి తెచ్చిన మత్స్యములను సరీసృపములను గూర్చిన సంపుటములకు చిత్రములు సమకూర్చినవాడును ఈయనయే. ఇట్లు జంతువు యొక్క వెలుపలి రూపమును, లోపలి ఎముకల పొందికను ఆయన కన్నును చేతియును ఒకేసారి నేర్చుకొనినవి.

పెద్ద ఎముక కనబడినచో అది రాక్షసునిదనుకొనుట అన్ని దేశములవారికిని సహజమే. కిష్కింధాకాండమున శ్రీరాముడు కాలి బొటనవ్రేలితో చిమ్మివేసిన దుందుభి కళేబరమును తలచుకొనని తెలుగువాడుండడు. ఇంగ్లాండునందు రాబర్ట్ ప్లాట్ అను పండితుడును 1677 లో ప్రకటించిన గ్రంథమున అట్టి తొడయెముక ముక్కనొకదానిని మహాకాయుడైన మనుష్యునిదిగా ఊహించెను. తరువాతి పండితులు ఆ విషయమును తేటపఱచిరి. 1824 లో బక్‌లాండ్ మెగలోసారస్ అను మాంసాహారిని, 1825 లో గిడియన్ మాంటెల్ అను వైద్యుడు ఇగ్వానొడాన్ అను శాకాహారిని లోకమునకు తెలిపిరి. 1833 లో హైలియోసారస్ అను మూడవదానిని మాంటెలే వెల్లడించెను. ఈ మూడును ఒకే వర్గమునకు చెందినవని రిచర్డ్ ఓవెన్ నిర్ణయించి, 1842 లో వానికి డైనోసార్లను పేరు పెట్టెను. కాని యివియన్నియు పండితుల గ్రంథములలోని మాటలు. దొరికినవి ఒక దవడ, కొన్ని దంతములు, కొన్ని తొడయెముకలు, వెన్నుపూసలు. వానిని చూచి ఆ జంతువు బ్రతికియున్నప్పుడెట్లుండెనో సామాన్యుడు ఊహింపజాలడు.

1851 లో లండన్ హైడ్‌పార్కునందు సర్వదేశ వస్తుప్రదర్శనము జరిగెను. దాని నిర్వాహకులలో హాకిన్స్ యొకడు. ప్రదర్శనము ముగిసిన పిదప ఆ గొప్ప గాజుభవనమును విప్పి, సిడెన్‌హామ్ అను చోట మఱింత పెద్దదిగా కట్టిరి. దాని చుట్టునున్న తోటలో పూర్వయుగముల జంతువులను నిజప్రమాణమున నిలుపవలెనని కంపెనీవారు తలచి, 1852 లో ఆ పనిని హాకిన్స్‌కు అప్పగించిరి. శాస్త్రవిషయమున సలహా చెప్పుటకు ఓవెన్ కుదిరెను. మాంటెల్ ఆ సంవత్సరమే నవంబరులో మరణించెను.

హాకిన్స్ పనిచేసిన పద్ధతి మిక్కిలి క్రమమైనది. మొదట మ్యూజియములలోనున్న ఎముకలను కొలిచి పటములు వ్రాసెడివాడు. పిదప నిజప్రమాణములో 6 వ వంతో 12 వ వంతో ఉండునట్లు చిన్న మట్టిబొమ్మ చేసి ఓవెన్‌కు చూపెడివాడు. పండితుడు తప్పులు దిద్దిన తరువాతనే నిలువెత్తు మట్టిరూపమునకు పూనుకొనెడివాడు. ఒక్కొక్క పెద్ద జంతువునకు 30 టన్నుల మట్టి పట్టినది. ఆ మట్టిరూపముపై అచ్చు తీసి, అచ్చునుండి తుదిప్రతిమను పోసెడివాడు.

ఇగ్వానొడాన్ ప్రతిమ యొక్కదానికి పట్టిన సామగ్రి లెక్కను హాకిన్స్ 1854 లో ఒక విద్వత్సభయెదుట చదివెను. 9 అడుగుల పొడవు, 7 అంగుళముల వ్యాసముగల ఇనుపస్తంభములు 4, ఇటుకలు 600, తూములకు వాడు అర్ధవర్తులపు పెంకులు 650, సాదా పెంకులు 900, సిమెంటు పీపాలు 38, కంకరరాతి పీపాలు 90, ఇనుపపట్టె 100 అడుగులు, ఇనుపకడ్డీ 20 అడుగులు. ఇల్లు కట్టించినవారికి ఈ పట్టిక చాలును. నాలుగు కాళ్లనెడు నాలుగు స్తంభములమీద ఒక ఇంటిని నిలుపుట యెట్టిదో ఈ పనియు నట్టిదే. ఇంటికి గోడయుండును, పునాదియుండును. జంతువునకు ఆ నాలుగు కాళ్లే సమస్తము. బరువు వానిపై సరిగా నిలువనిచో ప్రతిమ యంతయు కూలును.

1853 డిసెంబరు 31 వ తేది రాత్రి హాకిన్స్ ఒక వింతవిందు చేసెను. ఇగ్వానొడాన్ అచ్చునందే బల్ల వేయించి, సుమారు 20 మంది పండితులను ప్రముఖులను భోజనమునకు పిలిచెను. ఓవెన్ జంతువు శిరోభాగమున ఆసీనుడయ్యెను. పత్రికలు ఆ విందును చిత్రములతో ప్రకటించినవి. ఆ జంతువు పేరు విననివారు సైతము దాని కడుపులో ఇంతమంది కూర్చుండి భుజించిరని విని, దాని పరిమాణమును గ్రహించిరి. పదిపుటల వర్ణనము చేయలేనిపనిని ఒక్క విందు చేసినది.

1854 జూన్ 10 వ తేదీన విక్టోరియా రాణి ఆ గాజుభవనమును ప్రారంభించెను. చెఱువు నడుమ దీవులపై నిలిచిన మహాజంతువులను చూచుటకు జనులు తండోపతండములుగా వచ్చిరి. చదువురానివాడును, చిన్నపిల్లలును, పండితులును ఒకేచోట నిలిచి ఒకే వస్తువును చూచిరి. హాకిన్స్ ఆ ప్రతిమలకు చిన్న నమూనాలు చేయించి అమ్మకమునకు పెట్టెను. పాఠశాలలకై గోడపటములును వ్రాసెను. కాని 1855 లో కంపెనీవారు ఖర్చు తగ్గింపదలచి పనిని నిలిపివేసిరి. మొదలిడిన కొన్ని రూపములు మట్టిలోనే మిగిలిపోయినవి.

ఆ ప్రతిమలలో తప్పులు లేకపోలేదు. ఇగ్వానొడాన్ ఎముకలలో కొమ్మువంటి మొన యొకటి దొరికియుండెను. మాంటెల్ తలచినట్లే హాకిన్స్ దానిని ఖడ్గమృగమునకువలె ముక్కుపై నిలిపెను. 1878 లో బెల్జియము దేశమున బెర్నిసార్ అను గ్రామపు బొగ్గుగనిలో, 300 మీటర్లకు మించిన లోతున, సంపూర్ణములైన ఇగ్వానొడాన్ అస్థిపంజరములు అనేకము బయటపడెను. అప్పుడు తేలినదేమనగా, అది కొమ్ము కాదు, ముందుకాలి బొటనవ్రేలి మొన. ఏనుగువలె నాలుగు స్తంభములపై నిలిపిన శరీరమును అట్లుండలేదని తెలిసినది. ఆ ప్రతిమలను చూచి కొందఱు నవ్విరి. కాని కొన్ని పండ్లను, కొన్ని ఎముకలను మాత్రమే యెదుట పెట్టుకొని అంతటి రూపమును ఊహించినవానిని, సంపూర్ణమైన పంజరము దొరికిన పిమ్మట నవ్వుట తేలిక. ఒకడు ధైర్యముగా నిలిపిన రూపము ఎదుటనుండుటచేతనే తరువాతివారు దానిని సరిదిద్దగలిగిరి.

1863 లో హక్స్‌లీ పండితుడు మనుష్యుని స్థానమునుగూర్చి వ్రాసిన గ్రంథమునకు ముఖపత్రముగా, కోతిజాతుల అస్థిపంజరములును నరుని అస్థిపంజరమును వరుసగా నడచుచున్నట్లు చూపు చిత్రమును హాకిన్స్ వ్రాసెను. ఆ చిత్రము లోకమంతట ప్రసిద్ధమైనది. చిత్రమేమనగా, హాకిన్స్‌కు పరిణామవాదమునందు నమ్మకము లేదు. ఉపన్యాసములలో దానిని ఖండించుచునే యుండెను. తాను నమ్మని సిద్ధాంతమును చాటు గ్రంథమునకైనను ఎముకలను ఉన్నవియున్నట్లు వ్రాసి యిచ్చెను. చేతిపనిలో ఆయన పాటించిన నిజాయితీకి ఇది నిదర్శనము.

గృహజీవితమునందు అంతటి నిజాయితీ కనబడదు. 1826 లో మేరీ సెలీనా గ్రీన్ అను ఆమెను వివాహమాడి, ఆమె జీవించియుండగానే 1836 లో ఫ్రాన్సెస్ లూయీసా కీనన్ అను ఆమెను రెండవ వివాహము చేసికొనెను. ఆ దేశపు చట్టమున అది నేరము. రెండు సంసారములును ఒకదాని సంగతి యొకటి తెలియక చిరకాలము నడచినవి. మహాకార్యము చేసినవాని దోషమును దాచుటవలన ఆ కార్యము గొప్పదనము పెరుగదు, చెప్పుటవలన తఱుగదు. జమయు ఖర్చును రెండును వ్రాసిననే లెక్క.

1868 లో హాకిన్స్ అమెరికా దేశమునకు పోయెను. అంతకు పది సంవత్సరములకు ముందు, 1858 లో, న్యూజెర్సీ రాష్ట్రమునందలి హాడన్‌ఫీల్డ్ అను చిన్నయూరిలో ఒక రైతు పొలపు సున్నపుమన్ను గోతినుండి విలియం పార్కర్ ఫౌల్క్ అను ఆయన పెద్ద ఎముకలను త్రవ్వించియుండెను. జోసఫ్ లైడీ అను శాస్త్రజ్ఞుడు వానిని పరిశీలించి హాడ్రోసారస్ అను పేరు పెట్టెను. ముందుకాళ్లు పొట్టివియు వెనుకకాళ్లు పొడవైనవియు నగుటచేత, అది వెనుకకాళ్లపై నిలిచియుండునని ఆయన ఊహించెను. ఆ ఎముకలు ఫిలడెల్ఫియా నగరపు ప్రకృతిశాస్త్ర పరిషత్తునందు పది సంవత్సరములుగా పడియుండెను. వానిని కూర్చి నిలువబెట్టుదునని హాకిన్స్ వచ్చెను.

సిడెన్‌హామ్‌లో నిలిపినవి చర్మముతోగూడిన ప్రతిమలు. ఇచ్చట నిలుపవలసినది అస్థిపంజరము. ప్రతిమలో ఇటుకలను ఇనుమును చర్మము కప్పివేయును. పంజరమునందు ప్రతి కీలును కంటికి కనబడును. దొరకని ఎముకలు చాలగలవు. ఒక ప్రక్క ఎముక దొరికి రెండవ ప్రక్కది దొరకనిచోట, దొరికినదానినిబట్టి రెండవదానిని గచ్చుతో పోసెను. తల బొత్తిగా దొరకలేదు. నేటి ఇగ్వానా బల్లి తలను ఆధారముగా గైకొని గచ్చుతల చేసెను. నిలుచు భంగిమకు కంగారూ జంతువును మాదిరిగా తీసికొనెను. 1868 లోనే ఆ పంజరము రెండు కాళ్లపై నిలిచెను. ప్రపంచమున నిలువబెట్టబడిన మొట్టమొదటి డైనోసారు అస్థిపంజరము అదియే. దానిని చూచుటకు వచ్చిన జనసమ్మర్దమును తట్టుకొనలేక పరిషత్తువారు సందర్శన దినములను తగ్గింపవలసివచ్చెను. తుదకు 1876 లో మఱింత పెద్ద భవనమునకు మారిరి. పెట్టెలలో పదియేండ్లు పడియున్నప్పుడు అడుగువారు లేని ఎముకలే, నిలువబడినంతనే ఊరినంతటిని రప్పించినవి.

ఇంతలో న్యూయార్క్ నగరపు సెంట్రల్ పార్కునందు అమెరికా ఖండపు ప్రాచీనజంతువులతో ఒక మ్యూజియము నిర్మింపుమని పార్కు సంఘమునకు పెద్దయైన ఆండ్రూ గ్రీన్ 1868 లో ఆయనను కోరెను. హాకిన్స్ మూడేండ్లు అహోరాత్రములు శ్రమించెను. ప్రతిమలకు అచ్చులు సిద్ధమయ్యెను. భవనమునకు పునాదులు పడెను. అప్పుడు నగరపాలనము ట్వీడ్ అనువాని ముఠా చేతులలో చిక్కినది. 1870 లో పాతసంఘము రద్దయి, క్రొత్తసంఘము వచ్చెను. అది ధనవ్యయమను నెపమున మ్యూజియము పనిని ఆపివేసెను. హాకిన్స్ మాత్రము ఎక్కడనైన తన ప్రతిమలకు చోటు దొరకకపోదని పని సాగించుచునే యుండెను.

1871 మే 3 వ తేదీన కొందఱు మనుష్యులు సమ్మెటలతో ఆయన పనిశాలలో ప్రవేశించిరి. ప్రతిమలను, అచ్చులను, చిన్న నమూనాలను తునాతునకలు చేసిరి. మూడేండ్ల శ్రమ ఒక్కదినమున పిండియయ్యెను. ఆ తునకలను పార్కునందే పూడ్చివేసిరి. ఈ దుష్కార్యము ట్వీడ్ చేయించినదేయని నూఱేండ్లకు పైగా లోకము నమ్మినది. 2023 లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమువారు నాటి పత్రికలను, సంఘపు కార్యక్రమములను మఱల శోధించి, ఆజ్ఞ యిచ్చినవాడు క్రొత్తసంఘ సభ్యుడైన హెన్రీ హిల్టన్ అని నిర్ణయించిరి. బ్రతికియున్న జంతువులుండగా చచ్చినవాని గొడవ యేలయన్నదే ఆయన వైఖరి.

ఒక సంఘము కష్టించి కూర్చినదానిని, మఱియొక సంఘము వచ్చి, కనీసము ఎవరికైనను ఇచ్చివేయకుండ ధ్వంసము చేయుట న్యూయార్కునకే పరిమితమైన వింత కాదు. ఏ యూరనైనను, ఏ సంస్థయందైనను ఇట్టి ప్రమాదము పొంచియేయుండును. ధనము పోయినచో మఱల కూడబెట్టవచ్చును. ఒకని చేతిలోని మూడేండ్ల నేర్పును మఱల ఎవరును తేలేరు. సెంట్రల్ పార్కునందు ఆ మ్యూజియము తరువాత నెన్నడును వెలయలేదు.

అప్పటికి హాకిన్స్ వయస్సు 64 సంవత్సరములు. అంతటి దెబ్బ తిన్నవాడు పని మానినను తప్పు పట్టువారు లేరు. ఆయన మానలేదు. ఉపన్యాసములు చెప్పుచు, సభికులయెదుటనే సుద్దతో మహాజంతువులను గీసి చూపుచు తిరిగెను. హాడ్రోసారస్ పంజరమునకు గచ్చుప్రతులు చేయగా, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకును, ప్రిన్‌స్టన్ విద్యాలయమునకును, స్కాట్లాండునందలి ఎడింబరో మ్యూజియమునకును చేరినవి. ప్రిన్‌స్టన్‌వారి కొఱకు పూర్వయుగముల జీవులను చూపు 17 చిత్రపటములు వ్రాసెను. 1878 లో స్వదేశమునకు మరలి, 1894 జనవరి 27 వ తేదీన తనువు చాలించెను.

ఆయన ప్రతిమలు కనులవిందు చేసిన గాజుభవనము 1936 లో అగ్నికి ఆహుతియైనది. ఆ తోటలోని ప్రతిమలు మాత్రము, సుమారు 30 వఱకు, నేటికిని చెఱువు నడుమ నిలిచియున్నవి. శాస్త్రదృష్టిచే వానిలో తప్పులున్నవని అందఱకును తెలియును. అయినను 2007 లో ప్రభుత్వమువారు వానిని అత్యున్నత శ్రేణి రక్షితకట్టడములుగా ప్రకటించిరి. తప్పులతోగూడిన ఆ రూపములు, తెలిసికొనుటకై మనుష్యుడు వేసిన తొలియడుగుల జాడలు గనుక.

ఈ విద్యకు తెలుగునేలతోను సంబంధము కలదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాయందలి యామనపల్లి యొద్ద, గోదావరి లోయలోని రాతిపొరలలో డైనోసారు ఎముకలు బయల్పడినవి. భూగర్భశాస్త్రజ్ఞుడు యాదగిరి 1988 లో దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టెను. ఒక మాఱుమూల పల్లె పేరు ఇట్లు సమస్తదేశముల శాస్త్రగ్రంథములకు ఎక్కినది. 40 అడుగులకు మించిన ఆ పంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున చూడవచ్చును. దాని దంతములు దొరికినవి గాని తలయెముకలు దొరకలేదు. హాడ్రోసారస్‌యొద్ద హాకిన్స్‌కు ఎదురైన చిక్కే ఇచ్చటను ఎదురైనది: దొరికినదానినిబట్టి దొరకనిదానిని ఊహింపవలెను, ఊహను ఊహయని తెలిసి నిలుపవలెను.

నేడు పలుచోట్ల విద్యార్థులు జట్లుగా కూడి, అట్టముక్కలను కత్తిరించి, నిలువెత్తు డైనోసారు పంజరములు కూర్చి పోటీలు పడుచున్నారు. ఇటుకలు 600 అక్కరలేదు. సిమెంటు పీపాలు 38 అక్కరలేదు. పాత అట్టపెట్టెలు, జిగురు, త్రాడు, ఒక కత్తి చాలును. అయినను పని మొదలిడినంతనే హాకిన్స్ ఎదుర్కొనిన ప్రశ్నలే వారికిని ఎదురగును. ఈ వెన్నుపూస ఎన్నవది? ఈ బరువు ఏ కాలిపై నిలుచును? తోక ఎత్తుగా నుండవలెనా, నేలను తాకవలెనా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు పుస్తకమును తెఱవవలెను. తెఱచి చదివినదానిని చేతితో పరీక్షింపవలెను. అట్ట యెముక సరిగా అతుకనప్పుడు తప్పు పుస్తకముదా, చేతిదా అని ఆలోచింపవలెను. అదియే చదువు.

గ్రంథాలయము బీరువాలలోని పుస్తకములును ఒక విధముగా పెట్టెలలోని ఎముకలవంటివే. ఫిలడెల్ఫియా ఎముకలు పదియేండ్లు పడియున్నట్లు అవియు పడియుండగలవు. చదువరి యొకడు తీసి, ఒకదానితో నొకటి కూర్చి, నలుగురియెదుట నిలిపిననాడే వానికి కాళ్లు వచ్చును. కూర్చువారిని ప్రోత్సహించుటయు, కూర్చినదానిని సమ్మెటలనుండి కాపాడుటయు ఊరివారి పని. హాకిన్స్ చరిత్రమునందు ఆ మొదటిదానికి ఫిలడెల్ఫియా నిదర్శనము. రెండవదానిని మఱచిన ఊరికి న్యూయార్కు నిదర్శనము.